ఎర్రనీళ్ళలో పసుపు

నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టి అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న రోజుల్లో, పగలంతా నన్ను పక్కింటి అక్క దగ్గర ఉంచేవారు. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. నర్సీపట్నంలో కొయ్యూరు వైపు జీపులు పోయే రోడ్డు మీదే ఆవిడ ఇల్లు, ఆ వరండాలోనే కేంద్రం. ఆటో చప్పుడైతే చాలు, గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. అది దాటిపోయాక వచ్చి కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. పలక పట్టేదాన్ని కాదు, ఉడికించిన గుడ్డు పెడితే తినేదాన్ని కాదు.

అమ్మ ఇంటికొచ్చే ముందు రోజు మా వీధిలో ఉండే పిన్ని ఒకావిడ నన్ను ఆటపట్టించింది.

"మగపిల్లోడొచ్చీసినాడు. ఇంక మీ అమ్మ ఒళ్ళో నీకు సోటు నేదే."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అసలే మాట తక్కువ పిల్లను.

మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్ చేసి, మధ్యాహ్నానికి అమ్మను తీసుకొస్తున్నానన్నారు. పసిబిడ్డతో వచ్చే తల్లికి గుమ్మంలోనే ఎర్రనీళ్ళతో దిష్టి తీయాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళు లేరు కనుక ఆ పని అక్క తన మీద వేసుకుంది, దాన్నే మాకు ఆట చేసింది. పళ్ళెంలో నీళ్ళు పోసి మా చేత పసుపు వేయించింది. ఇందులో తెల్ల సున్నం కలిపితే ఏ రంగొస్తుందని అడిగింది. తెల్లగా అయిపోతుందని కొందరు, మజ్జిగలా అవుతుందని ఒకడు అన్నారు. సున్నం మమ్మల్ని ముట్టుకోనివ్వకుండా తనే పుల్లతో వేసి తిప్పింది. నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

నాకు ఏడుపొచ్చింది. మేం అంత పసుపు వేశాం, రవ్వంత సున్నం వచ్చేసరికి అది కనబడకుండా పోయింది.

"పసుపు ఏటైపోనాది అక్కా?"

ఆ రోజు నేను నోరు తెరవడం అదే మొదలు. అక్క నా వైపు తిరిగింది. పిన్ని అన్న మాట ఆవిడ చెవిన పడిందో లేదో నాకిప్పటికీ తెలియదు. కొంచెం ఎర్రనీళ్ళు గ్లాసులోకి తీసి, నా చేతికో నిమ్మచెక్క ఇచ్చి పిండమంది. పిండుతుంటే ఎరుపు విరిగిపోయి గ్లాసంతా మళ్ళీ పసుపైంది.

"ఎక్కడికెల్లిపోద్దమ్మా? అందులోనే ఉంది. సున్నం కొత్తగా వచ్చింది కదా, దాని జోరులో కనబడనేదంతే."

చూశాను గానీ, పూర్తిగా నమ్మలేదు. ఆటో మా ఇంటి ముందు ఆగినప్పుడు పిల్లలంతా అటు పరిగెత్తారు. పొద్దుటి నుంచి కుదురులేని నేను మాత్రం అక్క కొంగు పట్టుకుని వెనకే వెళ్ళి, ఎవరికీ కనబడకుండా గోడవార నిలబడిపోయాను. అమ్మ తమ్ముణ్ణి పొదువుకుని గుమ్మం ముందుకొచ్చింది. అక్క పళ్ళెం ఎత్తబోతుంటే ఆగమని చుట్టూ చూసింది.

"నా పిల్లేదీ? బేగి రాయే, కాళ్ళు పీకేస్తన్నాయి."

వెళ్ళి అమ్మ నడుముకి అతుక్కుపోయాను. తమ్ముణ్ణి ఒక చేతిలోకి మార్చుకుని రెండో చెయ్యి నా తల మీద వేసింది. పళ్ళెం మా ముగ్గురి చుట్టూ తిరిగింది.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ బెరుకే. అయినా పసిబిడ్డను చూడడానికి ఎవరింటికి వెళ్ళినా, ఉయ్యాల దగ్గరికి పోయే ముందు ఆ ఇంటి పెద్దపిల్ల ఏ మూల ఉందో వెతుక్కుంటాను. వెళ్ళి పక్కన కూర్చుంటాను. కాసేపటికి ఆ పిల్లే తన బొమ్మల్లో ఒకటి నా ఒళ్ళోకి తోస్తుంది.