గేటు దగ్గర ఆగిన లారీలు, మేనేజరుగారి మెయిల్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పే కొలతల్లో సగం తీసేసి చదువుకోండి. పగను మాత్రం తగ్గించకండి, దాన్ని నేను సరిగ్గా తూచే రాస్తున్నాను.

రేవు పక్కనున్న ఒక యార్డు గేటు జావా ప్రోగ్రాంతో నడుస్తుంది. దాన్ని మేము మద్దిలపాలెం ఆఫీసులో కూర్చుని చూసుకుంటాం. ఏడాదిగా ఉదయం రద్దీలో అది మొరాయించేది. లారీల వరస సింహాచలం మెట్ల దాకా పాకేది. మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, ఆఫీసంతా వినేలా అనేవాడు:

"మళ్లీ నీ కోడేనేటి గురూ? రీస్టార్ట్ కొట్టెయ్!"

కొట్టేవాణ్ణి. ఇరుక్కున్నదేదో చెదిరిపోయి గేటు కదిలేది, కారణం కూడా దాంతోపాటే మాయమయ్యేది. ప్రోగ్రాం తన పనులు రాసుకునే చిట్టాలో, అదే లాగ్‌లో, "లారీ వచ్చింది, వెళ్లింది" అన్న రెండు ముక్కలే మిగిలేవి. వివరంగా రాయిద్దామంటే, డిస్కు నిండిపోతుందని ఆయన ఒప్పుకోడు. చివరికి యార్డు వాళ్లకి ఉత్తరం రాశాడు: తప్పంతా నాదేనట, గేటు ఇంకోసారి ఆగితే నన్ను ఆ పని నుంచి తప్పిస్తాడట.

పద్దెనిమిదేళ్ల పరువు. పళ్లు నూరుకుంటూ, నడుస్తున్న ప్రోగ్రాంని ఆపకుండానే ఏదో ఒక్క భాగానికి లాగ్ స్థాయిని, అంటే అది రాసే వివరాన్ని, పెంచే దారి ఒకటి పెట్టుకున్నాను. ఏ భాగానికంటారా? ఆయన స్వహస్తాలతో రాసినదానికి.

సోమవారం యార్డు వాళ్లతో మీటింగు. గోడమీద అందరికీ కనిపించేలా నా స్క్రీన్. గేటు గుమాస్తా ఫోన్ చేశాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? ఒక్క లారీ కదల్లేదిక్కడ!"

"రీస్టార్ట్ కొట్టెయ్," అన్నాడు మేనేజరు.

"ఒక్క నిమిషం సార్," అని ఆ భాగాన్ని డీబగ్‌కి, ప్రతి అడుగూ రాసే స్థాయికి, మార్చాను.

లాగ్ నోరు విప్పింది. ప్రతి లారీకీ అదే వరస: మేనేజరుకి మెయిల్ పంపుతున్నాను, అది చేరేదాకా ఆగాను. తనకు తెలియకుండా చక్రం తిరగకూడదని ఆయన పెట్టుకున్న ఏర్పాటు. ఉదయం మెయిల్ సర్వరు నెమ్మదిస్తే గేటు బిగుసుకునేది.

"అంటే మా లారీలు మీ మెయిల్ కోసం ఆగిపోతన్నాయేటండీ?" అన్నాడు యార్డు పెద్దాయన.

"అది టెంపరరీగా ఎట్టిందండీ..." అన్నాడు మేనేజరు.

"ఏడాదయింది సార్," అన్నాను వినయంగా. ఇంకో లారీని చూపించాను. దాని తర్వాత మరొకటి. ఆయన చెవులు కొలిమిలా ఎర్రబడ్డాయి. ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని యార్డు వాళ్లు ఆయనచేత అక్కడే, అందరి ముందూ చెప్పించారు. నేను వెంటనే లాగ్‌ని పాత స్థాయికి దించేశాను.

ఆఖరి వాక్యం కల్పితం. భోజనాలయ్యేదాకా అలాగే వదిలేశాను, గోడమీదే.