పైన చెప్పినట్టే

ఆ రోజుల్లో నాకు రెండు కొలువులుండేవి. పగలు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీ స్టోర్‌లో గుమాస్తాను. ఐదు దాటాక ప్రాచీన గ్రీకు మహాకావ్యానికి తెలుగు అనువాదకుణ్ణి. మొదటిదానికి జీతం వచ్చేది, రెండోదానికి అమ్మ తిట్లు వచ్చేవి. నిజం చెప్పొద్దూ, గ్రీకు నాకు ఒక్క అక్షరం రాదు. చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద దొరికిన, అట్ట ఊడిన ఇంగ్లీషు అనువాదమే నా ఆధారం. (నా రాతను వేద్దామన్న వారపత్రిక ఎడిటర్ సారుకీ గ్రీకు రాదు. నా ధైర్యానికి సగం కారణం అదే.) ఆ సారు ఊరికే ఒప్పుకోలేదు. "ఇప్పటివాళ్లు కూర్చుని వినేటట్టుంటేనే సీరియల్. ఒక భాగం మీవాళ్లకు చదివి వినిపించు, నేనూ వస్తా. మధ్యలో లేచిపోయారో, నీ కట్ట నీకే" అన్నారు. అచ్చులో నా పేరు చూసుకోవాలన్న యావతో పది రోజులు నాకు అన్నం సహించలేదు.

చిక్కెక్కడంటే, ఆ కావ్యంలో చెప్పిందే చెబుతారు. దేవుడు తన దూతకు పది మాటలు చెబుతాడా, ఆమె వెళ్లి అవే పది మాటలు పొల్లుపోకుండా అవతలివాడికి అప్పజెబుతుంది. ఇప్పటి పాఠకుడికి అంత ఓపికెక్కడిది? మా స్టోర్ రిజిస్టర్‌లో ఒకే రకం బోల్టులు వరసగా వస్తే, మొదటిసారి పూర్తిగా రాసి, కింద రెండు చిన్న గీతలు గీసేవాళ్లం. నేనూ ఆ పద్ధతే పట్టాను. రెండోసారి వచ్చిన చోటల్లా "పైన చెప్పినట్టే చెప్పింది" అని తేల్చేశాను. పదహారు పేజీలు పదకొండుకు దిగాయి. అంత మహాకవికి ఈ చిన్న ఉపాయం తట్టలేదే అని ఆయన మీద జాలి కూడా పడ్డాను!

ఆదివారం మధ్యాహ్నం మాదన్నపేటలో మా మామ పాలకొట్టం ముందు సభ. మామ, ఆయన దోస్తు గాజుల చాచా, పాలకోసం వచ్చి గిన్నెలతో ఆగిపోయిన నలుగురైదుగురు, నులకమంచం మీద అమ్మమ్మ, కుర్చీలో ఎడిటర్ సారు. (బర్రెలు ఆరు. కట్టేసి ఉన్నాయి కనక లేచిపోతాయన్న భయం లేదు.) యుద్ధంలో కొడుకు చచ్చిపోయి, శవం శత్రువు దగ్గరే ఉండిపోయిన ఒక ముసలిరాజు ఘట్టం అది. దేవుడు దూతను పిలిచి, "ఆ తండ్రి దగ్గరికి పో. భయపడొద్దని చెప్పు. కానుకలు పట్టుకుని శత్రువు గుడారానికి వెళ్లమను. అతని మీద ఎవడూ చెయ్యెత్తడని చెప్పు. కొడుకును ఇంటికి తెచ్చుకొమ్మను" అన్నాడు. అందరూ చెవులు రిక్కించారు. నేను గొంతు సవరించుకుని, "దూత వెళ్లి ముసలిరాజుకు పైన చెప్పినట్టే చెప్పింది" అని చదివాను.

"అరె బేటా, కిస్సా చెప్తున్నవా, స్టోర్ల సామాన్ రాస్తున్నవా?" అన్నాడు గాజుల చాచా. అందరూ గొల్లుమన్నారు. ఒకావిడ గిన్నె పట్టుకుని లేచింది. ఎడిటర్ సారు గడియారం చూసుకున్నారు. నా సీరియల్ కళ్లముందే కొండెక్కుతోంది.

"ఇప్పుడే విన్నం గద చాచా, మళ్లెందుకని..." అని నసిగాను.

అమ్మమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మనం విన్నం బిడ్డా. ఆ ముసలాయన ఇంకా విన్లే గద?"

అమ్మమ్మే మళ్లీ అందుకుంది. "నా పెద్దోడు లారీ కింద వడ్డనాడు ఖబర్ తెచ్చినోడు, దర్వాజలనే ఒక్క ముక్క జెప్పి సైకిలెక్కి పోయిండు. నిమ్మలంగ నిలవడి నాలుగు మాటలు జెప్తే వాని సొమ్మేం పోతుండె? చదువు. ఆయనకు మొత్తం జెప్పు."

నా కాగితాల్లో ఆ మాటలు రెండోసారి లేవు. పేజీ వెనక్కి తిప్పి, దేవుడు చెప్పినవే ముసలాయనకు చెబుతున్నట్టు చదివాను. "భయపడకు. నీ మీద ఎవడూ చెయ్యెత్తడు. నీ కొడుకును ఇంటికి తెచ్చుకో." లేచిన ఆవిడ గిన్నె ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చుంది. మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చెమట కాదు.

"వేస్తున్నాం" అన్నారు ఎడిటర్ సారు. నేను ఎగిరి గంతేశాను. కోసేసిన మాటలన్నీ మళ్లీ పూర్తిగా రాసి కట్ట ఆయనకిచ్చాను. వారం తర్వాత ఆఫీసుకు పిలిచి, "అంతా బాగుందయ్యా, పేజీలే చాలవు. రెండోసారి వచ్చిన చోట నీ పాత పద్ధతే పెడదాం" అన్నారు. నా పద్ధతి! కట్ట చంకలో పెట్టుకుని వచ్చేశాను. (ఆ పౌరుషం బస్సెక్కేదాకానే. ఎక్కాక ఏడ్చాను.) సీరియల్ రాలేదు. చాలా ఏళ్లకు నేనే పుస్తకంగా వేసుకున్నాను. సగం కాపీలు ఇప్పటికీ మా మంచం కిందే ఉన్నాయి.

పోయినేడు, తొంభై దాటిన అమ్మమ్మ కన్నుమూసింది. పలకరింపుకు వచ్చినవాళ్లు వచ్చినట్టే "ఎట్లయింది బిడ్డా?" అని అడిగేవాళ్లు. పొద్దున ఛాయ్ తాగడం, ఇంకో చుక్క పొయ్యమనడం, గోడకు ఒరగడం, అన్నీ ఒక్కొక్కరికీ చెప్పాను. మూడోరోజుకు మా ఆవిడ, "గొంతు పోతది. వాళ్లకు వాళ్లే చెప్పుకుంటరు తియ్యుండ్రి" అంది. అంతలో గాజుల చాచా కర్ర పట్టుకుని మెల్లగా లోపలికొచ్చాడు. "ఎట్లయింది బేటా?"

రెండు గీతలు గీసి మహాకవి మీద జాలిపడ్డ ఆ కుర్ర గుమాస్తా గుర్తొచ్చి, అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. చాచాకు కుర్చీ వేసి, ఎదురుగా కూర్చున్నాను.

"పొద్దున లేచింది చాచా. ఛాయ్ తాగింది. ఇంకో చుక్క పొయ్యమన్నది..."