మాస్టారు రెండువైపులా చెప్పిన రోజు

మా పై అంతస్తులో ఉండే మాస్టారు గురువారం ఉదయం పోయారు. ఇక్కడ గల్ఫులో, అబూ హలీఫాలో మా బిల్డింగంతా ఆయన్ని మాస్టారనే పిలిచేది. ఇక్కడి మన బడిలో చాలా ఏళ్ళు చరిత్ర చెప్పారు. గల్ఫుకు మనవాళ్ళ వలసల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

లిఫ్టు చెడిపోతే మేమంతా హారిస్‌ని, అదే బిల్డింగు కాపలాదారుని, తిట్టుకునేవాళ్ళం. మాస్టారు మాత్రం అది ఇదివరకు ఎందుకు చెడిందో, ఎవరొచ్చి బాగుచేశారో చెప్పుకుంటూ మెట్లెక్కేవారు. ఆయాసం వినేవాళ్ళకే.

ఆమధ్య మన రాష్ట్రం నుంచి కొందరు శాసనసభ్యులు వచ్చారు. ముప్పై నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి గల్ఫు పంపొద్దని ప్రభుత్వానికి చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ ప్రశ్న. మాస్టారిని పిలిచారు. అప్పటికి ఊళ్ళో మా చెల్లెలు వీసా చేతిలో పెట్టుకుని కూర్చుంది. దానికి ముప్పై లేవు. పంపమని గట్టిగా చెప్పండి మాస్టారూ అని బతిమాలాను.

"ఏం చెయ్యాలో నేను చెప్పనమ్మా. ఇదివరకు ఏం జరిగిందో చెబుతాను."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ సమావేశానికి వెళ్ళి వెనక కూర్చున్నాను.

ఇదివరకు ఆపినప్పుడు ఆడవాళ్ళు రావడం మానలేదనీ, ఏజెంట్ల చేతుల్లో పడి దొంగదారిన వచ్చారనీ, కష్టమొస్తే వాళ్ళు ఎక్కడున్నారో చెప్పేవాళ్ళే లేకపోయారనీ మాస్టారు చెప్పారు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, సక్రమంగా వచ్చినవాళ్ళు కూడా కొందరు కఫీళ్ళ ఇళ్ళల్లో, అంటే వీసా ఇచ్చిన యజమానుల ఇళ్ళల్లో, ఏం పాట్లు పడ్డారో అదీ చెప్పారు. చెల్లెలి పని ఖలాస్ అనుకున్నాను. ఇంతకీ పంపమంటారా వద్దంటారా అని ఒకాయన అడిగితే, అది తేల్చాల్సింది మీరేనండి అని కూర్చున్నారు.

తిరుగు టాక్సీలో నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఆయనే అన్నారు, "సగమే చెబితే ఆ సగం కూడా నమ్మరమ్మా."

చివరికి ఆ శాసనసభ్యులు వయసు అడ్డు పెట్టమనలేదు. బయల్దేరేముందే పేరు నమోదు చేసుకోవాలనీ, ఇక్కడ కష్టమొస్తే వెళ్ళడానికి ఒక చోటుండాలనీ ప్రభుత్వాన్ని అడిగారు. నేను కోరినట్టే ఆయన మాట్లాడి ఉంటే ఆ చోటు సంగతి ఎవరికీ తట్టేది కాదు. ఆ మేలు నేను మరిచిపోను.

చెల్లెలు వచ్చి ఇక్కడికి దగ్గర్లోనే ఎగైలాలో ఒక ఇంట్లో పనికి చేరింది. మాస్టారిని చూడాలని అంటూనే ఉంది, సెలవు కుదరలేదు. ఆయన్ని ఊరికి పంపేరోజు మామాని, ఆ ఇంటి యజమానురాలిని, అడిగి ఆసుపత్రికి వచ్చింది. పెట్టెలో ఉన్న ఆ ముఖాన్ని మొదటిసారి, చాలాసేపు చూసింది.

"ఈయనకి నేనెవరో తెల్సా అక్కా?"

"పేరుతో సహా తెలుసే. ఆ రోజు మాత్రం నీ పేరు ఎత్తలేదు."

అది తలూపింది. పెట్టె ఎక్కించిన బండి ఎయిర్‌పోర్టు వైపు మళ్ళాక, మామా ఇచ్చిన గడువు దాటిపోతుందని ఎగైలా బస్సెక్కింది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా, దాని తల కిటికీలోంచి ఆ బండి వెళ్ళిన వైపే తిరిగి ఉంది.