కొంగున సగం గోలీ

మా పెద్దమ్మ స్టెరాయిడ్ గోలీని పంటితో కొరికి సగం మింగేది, మిగతా సగం కొంగున ముడేసుకునేది. ఏళ్లుగా అలవాటైన మందును ఒక్కసారిగా మానొద్దని, మెల్లగా తగ్గించమని డాక్టరు చెప్పాడు. తగ్గించేకొద్దీ ఆమెకు నీరసం. నేను వారం వారం నారాయణఖేడ్ నుంచి గుడ్లూ, బలానికి పొడి డబ్బాలూ మోసేవాణ్ణి. అయినా మంచం దిగలేకపోయేది.

ముడేసిన సగాలు ఏమవుతున్నాయని ఓరోజు నిలదీశాను.

"పక్కింటామెకు మోకాళ్ల నొప్పులు బిడ్డా. పారేసుడెందుకని ఇస్తున్న. గుడ్లు సుత."

గుడ్లు కూడానా! నాకు ఒళ్లు మండింది. నేను అరుస్తుండగానే ఆ పక్కింటామె నిండు బిందె చంకనెత్తుకుని చకచకా వచ్చింది. పెద్దమ్మ మంచం పక్కన దించి, నాతో అంది:

"గీ సగం గోలీ మస్తు పనిచేస్తుంది కొడుకా. ఇగ పూరా గోలీ ఇయ్యమను."