గొంతున్న టీవీ

మైపాడు పక్కన జాలర్ల పాలెంలో కామాక్షయ్య పేరు చెబితే పడవ వెనక ఇంజను దగ్గర కూర్చున్న మనిషే అందరికీ కళ్ల ముందు మెదులుతాడు. మీసం మొలవక ముందు నుంచీ సముద్రం మీదే బతికాడు. ఆ రోజుల్లో తెడ్డు వేసేవాడు. పడవలకు ఇంజన్లు వచ్చాక వెనక చేరి చుక్కాని పట్టాడు, ఇక దాన్ని వదిలింది లేదు. ఆ చోట కూర్చున్న వాడికి కళ్లెంత ముఖ్యమో చెవులూ అంతే ముఖ్యం. ముందు వల లాగేవాళ్లు ఆపమంటే ఆపాలి, తిప్పమంటే తిప్పాలి. కాస్త ఆలస్యమైతే నీళ్లలో తిరిగే ఇంజను పంకాకు వల చుట్టుకుంటుంది. వలతో పాటు మనిషి చెయ్యీ పోవచ్చు.

ఆ ఇంజను మోత ఏళ్ల తరబడి చెవుల్లో పడీ పడీ కామాక్షయ్యకు వినికిడి తగ్గిపోయింది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే పడవ ఎక్కనిస్తారా? ఒడ్డున పాక కింద చిరిగిన వలలు బాగుచేసే ముసలాళ్ల పక్కన తనకూ ఒక చోటు చూపిస్తారు. అందుకని ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. అందనప్పుడు "సరేలే" అనేవాడు. మీరే చెప్పండి, మన ఇళ్లలో పెద్దమనిషి "సరేలే" అన్నాక కాదని గుచ్చి గుచ్చి అడిగేదెవరు?

పడవలో ముందు నిలబడే కొడుకు ప్రసాద్‌కు కేక వేస్తూ చెయ్యి ఊపే అలవాటుంది కాబట్టి అక్కడా నెట్టుకొచ్చాడు. ఒక్కసారి మాత్రం ఎదురెండలో ఆ చెయ్యి కనబడలేదు. తాడు ప్రసాద్ వేళ్లకు చుట్టుకుని గోరు ఊడింది. తప్పంతా ఎండ మీద తోసేశాడు కామాక్షయ్య. బయటికి దబాయించాడే గాని తప్పు తన చెవులదేనని ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఏటా ఎండాకాలంలో సర్కారు పెట్టే వేట నిషేధం వచ్చింది, పడవ ఇసుక మీదికెక్కింది, ఆ మాట అంతటితో ఆగింది.

వేట లేని ఆ ఎండల రోజుల్లోనే ఇంట్లో పాత డబ్బా టీవీ చచ్చి ఊరుకుంది. ఉప్పుగాలికి లోపలంతా తుప్పు పట్టిందని బాగుచేసే అతను చేతులెత్తేశాడు. ఇంటిల్లిపాదీ కొత్తది వస్తుందని సంబరపడుతుంటే కామాక్షయ్యకు మాత్రం దిగులు పట్టుకుంది. ఆ డబ్బాకు గొంతు ముందు వైపే ఉండేది. మంచం దాని ముందుకు జరుపుకుని, సముద్రపు హోరులో ఏమీ వినబడి చావడం లేదంటూ సౌండు పెంచుకునేవాడు. ఈ పలచటి టీవీలు ఎలా మాట్లాడతాయో ఎవరికి తెలుసు?

ముందు గది చూస్తే నాలుగు మంచాలు పట్టేంత కూడా లేదు. కోడలు దుర్గ గోడను జానలతో కొలిచి, టీవీ గోడకే బిగించాలంది. భార్య మహాలక్ష్మి మాత్రం పాత టీవీ పెట్టిన సిమెంటు అరలో పట్టేదే కావాలని పట్టుబట్టింది. ప్రసాద్‌కు ఫోనులో వచ్చేవన్నీ అందులోనూ రావాలి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి పెదాలు చూడాలో తెలియక కామాక్షయ్య తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ అలిసిపోయాడు. చివరికి, తానే వచ్చి చూసి కొంటానన్నాడు. టీవీల సంగతి ఈయనకేం తెలుసని ఇంట్లోవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

దుర్గ తన చంటిపాపను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. మిగిలిన ముగ్గురూ నెల్లూరు వెళ్లారు. షాపులో గోడ నిండా టీవీలే. అన్నింటిలోనూ ఒకటే బొమ్మ, నీళ్లలో ఈదే రంగురంగుల చేపలు. వాటిలో కూరకు పనికొచ్చేది ఒక్కటీ లేదని కామాక్షయ్య విసుక్కున్నాడు. పైన ఏదో పాట మోగుతోంది, పక్కన ఇంకెవరో బేరం చేస్తున్నారు. ఆ గోలంతా కలిసి ఆయన చెవులకు తేనెతుట్టె కదిలినట్టుంది. షాపు కుర్రవాడు టీవీల వైపు తిరిగి గడగడా చెప్పుకుపోతున్నాడు. మొహం ఇటు తిప్పితేనే గదా పెదాలు కనబడేది! ఇంచులట, ఫోర్‌కేలట, ఏమిటేమిటోనట. మహాలక్ష్మి తల ఊపుతోంది, ప్రసాద్ ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడు. కామాక్షయ్యకు అంతా అయోమయం. తానడగాల్సింది ఒక్కటే, దీనికి గొంతెంత అని. అడిగితే గుట్టు బయటపడుతుందేమోనని భయం.

ఇంజను సరిగా ఆడుతోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవడం ఆయనకు అలవాటు. ఎవరూ చూడకుండా ఒక టీవీ వెనక అరచెయ్యి ఆనించాడు. ఏమీ తెలియలేదు. ఇంకోటి, మరోటి చూశాడు. మూల బల్ల మీదున్న టీవీ దగ్గర మాత్రం చేతికి దడదడ బాగా తెలిసింది, మన పడవ ఇంజను లాగే. కామాక్షయ్య మొహం వెలిగిపోయింది. ఇదే కావాలన్నాడు.

జరిగిందేమిటో చెప్పేస్తాను. ఆ దడదడ టీవీది కాదు. దాని కింద బల్ల మీద పెట్టిన పొడవాటి నల్ల స్పీకరుది. టీవీతో పాటు రాదు, వేరుగా కొనుక్కోవాలి. షాపు కుర్రవాడు ఆ మాటే చెప్పాడు, అదీ తీసుకుంటారా అని ప్రసాద్ కూడా అడిగాడు. ఇద్దరూ అటు తిరిగే మాట్లాడారు. వాళ్ల వేళ్లు ఆ నల్లదాని వైపు చూపించడం చూసి, ఏదో అదనపు సరుకు అంటగడుతున్నారనుకున్నాడు కామాక్షయ్య. అవేమీ అక్కర్లేదు, టీవీ ఒక్కటే చాలని తెగేసి చెప్పాడు. ఇంత బేరం చేసినందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా, పాపం.

మర్నాడు సాయంత్రానికి టీవీ గోడకెక్కింది. కోడలి మాటే నెగ్గింది. పక్కింటి అంకాలమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. దుర్గ పాపను ఒళ్లో పెట్టుకుంది. కామాక్షయ్యకు ఎదురుగా కుర్చీ వేశారు. బొమ్మ పడింది. ఆహా, ఏం బొమ్మ! సీరియల్లో అత్తగారి ముక్కుపుడక రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఆమె కోడలి మీద విరుచుకుపడుతోంది, చేతులు తిప్పుతోంది, నోరు ఆడుతోంది. మాట మాత్రం లేదు. ఎక్కడో పక్క వీధిలో ఎవరో గొణిగినట్టుంది. లేచి వెళ్లి టీవీ అంచు మీద చెయ్యి వేశాడు. రాయి మీద వేసినట్టే ఉంది.

కామాక్షయ్యకు ఒళ్లు మండిపోయింది. షాపువాళ్లు నిలువునా ముంచారనీ, తనకు చూపించింది ఒకటి, అంటగట్టింది ఇంకొకటి అనీ తిట్ల దండకం మొదలుపెట్టాడు. ప్రసాద్ ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. రిమోటు లాక్కుని సౌండు పెంచే మీట నొక్కిపట్టాడు. తెర మీద గీత పెరిగీ పెరిగీ చివరిదాకా పోయింది. అప్పుడు మాట వచ్చింది. ఒక్కొక్క మాటా చెవిలో పడింది. ఎన్నాళ్లకెన్నాళ్లకు!

"ఆఁ, ఇప్పుడు వినపడతా ఉండాది" అని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆ అత్తగారు కోడల్ని అన్న మాటకు ఆయనకు నవ్వొచ్చింది. చూశావా దీని నోరు అన్నట్టు నవ్వుతూ మహాలక్ష్మి వైపు తిరిగాడు. ఆమె నవ్వడం లేదు. దుర్గ రెండు చేతులతో పాప చెవులు మూసి పట్టుకుంది. పాప మొహం కందిపోయింది, నోరు బార్లా తెరిచి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆయనకు వినబడలేదు. అంకాలమ్మ చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఏదో అడుగుతోంది. ఆమె వెనక వీధిలో నలుగురైదుగురు చేరి లోపలికి తొంగి చూస్తున్నారు. ప్రసాద్ టీవీని చూడడం లేదు, తండ్రినే చూస్తున్నాడు.

కామాక్షయ్య చేతిలో రిమోటు చెమటకు జారింది. ఏ మీట నొక్కాలో తెలియక అన్నీ నొక్కాడు. చివరికి టీవీ ఆరిపోయింది.

టీవీ పక్కన నిలబడ్డ ప్రసాద్ గడప వైపు తిరిగి, కొత్త పీసులో ఏదో లోపముందని, రేపు తీసుకెళ్లి మార్పిస్తానని వీధిలోవాళ్లకు చెబుతున్నాడు. ఈసారి మొహం ఇటే ఉంది, పెదాలు తెలుస్తున్నాయి. కొడుకు అలా అబద్ధమాడి తనను కాచుకోవడం చూసి కామాక్షయ్య రిమోటు పక్కన పెట్టాడు. ఎండ మీద తోసేసిన తప్పును ఇప్పుడు టీవీ మీద తోసేయొచ్చు. నోటి దాకా వచ్చిన "సరేలే"ను మింగేశాడు.

"టీవీకేమీ కాలేదురా" అన్నాడు. "నాకే చెవులు పోయినాయి. శానా కాలమైంది. ఈసారి వేటకు నువ్వు ఇంజను కాడ కూర్చో. నేను వల లాగతా. దానికి చెవులక్కర్లా."

అంకాలమ్మ చీర సర్దుకుని మెల్లగా లేచి వెళ్లింది. వీధిలోవాళ్లూ కదిలారు. తెల్లారేలోపు పాలెమంతా తెలిసిపోతుంది. ప్రసాద్ తల వంచుకుని, అలాగే అన్నట్టు ఊపాడు. ఇప్పుడు మహాలక్ష్మి దులిపేస్తుందనుకున్నాడు కామాక్షయ్య. ఇంత సంగతి దాచి సముద్రం మీదికి ఎలా పోయావు, బిడ్డను ఏం చేద్దామనుకున్నావు అని నిలదీస్తుంది. ఆమె వచ్చి కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

"పిలిస్తే పలకవు. పక్కనే ఉండి మాట్లాడినా అటే చూస్తా ఉంటావు. నేనంటే మనసు పోయిందనుకున్నానయ్యా ఇన్నాళ్లూ" అంది.

సంతలో చేపలు అమ్మి ఇంటికొచ్చాక అక్కడి కబుర్లన్నీ వంటింట్లోంచే చెప్పే మనిషి, ఈ మధ్య నోరు మూసుకుని అన్నం పెట్టి వెళ్లిపోవడం ఆయన గమనించకపోలేదు. వయసు మీద పడిందనుకున్నాడు. కామాక్షయ్య కుర్చీ దిగి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు పిలిచినావని తెలిస్తే పలకనా?" అన్నాడు.