మారన్న విప్పుకున్న కట్టు

మంగళవాడ చుట్టుపక్కల ఎవరు బావి తవ్వినా, లోపల రాతిగోడకు మారన్నే రావాలి. సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చి నిలబెట్టేవాడు. బావిలో ఎంత నిదానమో, పైకొస్తే అంత తొందర. కూర్చున్నచోట కూర్చోడు. అలాంటి మనిషి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, బండరాయి జారి మోకాలికింద ఎముక విరగ్గొట్టుకున్నాడు.

మంచంమీద మోసి పావగడ చేర్చారు. అక్కడినుంచి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో తుమకూరు జిల్లా ఆసుపత్రికి. అది ధర్మాసుపత్రి, మందూ, మంచమూ, పొద్దుటి పాలూ రొట్టే సర్కారువే. మత్తిచ్చి ఎముక సరిచేసి, తొడదాకా, ఆరితే రాయిలా బిగిసే పిండికట్టు వేశారు. తడపొద్దు, విప్పొద్దు, చెప్పిన రోజుకు రమ్మని ఇంటికి పంపారు.

ఇంట్లో మారన్నకు గుబులు మొదలైంది. ఆ సీమలో ఎముకలు కట్టేది కదిరప్ప. వెదురుబద్దల కట్టు వారం వారం విప్పి, నూనె రాసి, తడిమి చూసి, మళ్లీ కడతాడు. విప్పని కట్టు ఎవరూ ఎరగరు. లోపల ఒకటే దురద. చీపురుపుల్ల దూర్చి గోక్కున్నా తీరదు.

"సమాధి కట్టినట్టు కట్టినారు గదప్పా! లోపల పురుగు పడినా ఎవురికి తెలుస్తాది?" అన్నాడు చూడవచ్చిన రంగప్ప.

"నీ నోట్లో మన్ను పడ! మంచి మాట చెప్పేకి రాకపోతే చేనికి పో" అంది మారన్న పెళ్లాం ముత్తక్క.

మారన్న ఊరుకోలేక కదిరప్పను పిలిపించాడు. ఆయన కట్టుమీద తట్టి, వాసన చూసి, కాలివేళ్లు పట్టుకున్నాడు.

"కాలేళ్లు వెచ్చగుండాయి. ఇంక నాతో ఏం పని?"

"ఒకసారి విప్పి చూడు మామా."

"ఒకరు కట్టిన కట్టు ఇంకొకరు విప్పకూడదురా. మా తాతలనాటి కట్టుబాటు. అయినా నువ్వు గోడ కట్టినాక, కూర్చునిందో లేదో అని రాయి పీకి చూస్తావా?"

మారన్నకు ఆ మాట నిజమేననిపించింది. కానీ ఒళ్లు ఊరుకుంటేనా! ముత్తక్క చేనికి వెళ్లగానే దేక్కుంటూ పోయి, కుడితితొట్టిలో కాలు నానబెట్టాడు. కట్టు మెత్తబడి పెచ్చులుగా ఊడింది. లోపల కాలు పాలిపోయి, సన్నగా, ఎవరిదో అన్నట్టుంది. తడిమి చూస్తే బాగానే తోచింది. లేచి అడుగు వేశాడు. పచ్చికొమ్మ విరిగినట్టయింది.

కదిరప్ప పరుగున వచ్చాడు. తిట్టలేదు, ముట్టుకోనూ లేదు. "కట్టినోళ్ల దగ్గరికే పద" అని తానూ బండెక్కాడు.

నాటువైద్యుడి పనే అనుకుని, ఎవరు విప్పారని కదిరప్పను అడిగాడు డాక్టరు. కదిరప్ప తల వంచుకున్నాడు.

"నేనే సామీ. కుడితిలో నానబెట్టినాను" అన్నాడు మారన్న.

వార్డంతా నవ్వింది. డాక్టరు నవ్వలేదు. ఈసారి కాలు పైకి వేలాడదీసి, గిలకమీదుగా తాడు వేసి బరువు కట్టారు. కదిలితే బరువు ఊగుతుంది, ప్రాణం పోతుంది. వెల్లకిలా పడి, వచ్చేపోయే ప్రతివాణ్ణీ "ఇంకెన్నాళ్లప్పా?" అని అడిగేవాడు.

"నువ్వు అడిగినప్పుడల్లా ఒక దినం కలుపుతాము" అనేవాడు కాంపౌండరు గోపాలప్ప.

ముత్తక్క ఆసుపత్రి ఆవరణలో మూడు రాళ్లు పెట్టి సంగటి వండి తెచ్చేది. మారన్నకు ధ్యాసంతా పనిమీదే. బావిలోకి మళ్లీ దిగగలనా అని డాక్టరును అడిగాడు.

"నడుస్తావు. దిగడం మాత్రం నేను చెప్పలేను."

ఎముక అతికింది, కాలు మాత్రం కాస్త పొట్టిదైంది. కర్ర పట్టుకుని ఊరు చేరాడు. వానలకు రైతు హనుమంతరాయప్ప బావిగోడ ఉబ్బిందని కబురొస్తే, ముత్తక్క వద్దంటున్నా పోయాడు. గోడలో కాలు మోపే రాళ్లుంటాయి. రెండు దిగాడు, మూడోదానికి పొట్టికాలు అందలేదు. చెమటలు కక్కుతూ పైకొచ్చి, ఎవరి మొహమూ చూడలేదు.

వెనకాలే వచ్చిన ముత్తక్క మన్ను తోడే గంపకు తాడు కట్టి తెచ్చి ముందు పెట్టింది.

"కూర్చో."

"మన్నుమాదిరి దిగాల్నా నేను?"

"మన్నే నయం. నోరు మూసుకోనుంటాది."

కూర్చున్నాడు. తాడు వదులుతున్నవాళ్లను తిడుతూనే దిగాడు: "మెల్లగా! ఎడమకు! మీ చేతులు పడిపోను!" కాసేపటికి తిట్లు ఆగాయి. లోపలినుంచి రాతిమీద సుత్తి దెబ్బలు వినబడ్డాయి.