ఉప్పు మోసే మనిషి పాటలు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియాకు వెళ్ళిపోతున్నారన్న కబురు వస్తే, మా అమ్మ ‘అయ్యో’ అనేది, మా నాయన ‘ఫ్రిజ్ ఎన్నేళ్ళది?’ అని అడిగేవాడు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. రియాద్‌లో మాది పాత సామాను వ్యాపారం. వెళ్ళేవాళ్ళ దగ్గర మంచాలు, బీరువాలు, ఏసీలు కొని సులైలోని గోదాముకు చేర్చి, కొత్తగా వచ్చేవాళ్ళకు అమ్మేవాళ్ళం. దుకాణం కాగితాల మీద కఫీలుది, అంటే మాకు పూచీ ఉన్న సౌదీ ఆసామిది, కష్టం మాది. మా తాత కడపలో పాత ఇనుము కొన్నాడు, మేనమామలు గుడ్డల కొట్లు పెట్టారు. నేను మాటలు నేర్చిందే బేరాల మధ్య. పాలు తాగడానికి కూడా మా అమ్మతో బేరమాడేదాన్నట. సగం గ్లాసు దగ్గర తెగేదట.

నితాఖాత్ చట్టం వచ్చాక మా గోదాము నిండిపోయింది. సరిపడా సౌదీలను పనిలో పెట్టుకోని కంపెనీలు సర్కారు ఎరుపు జాబితాలో పడ్డాయి. ఎరుపులో పడ్డ కంపెనీలో ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రెన్యూ కాదు. ఆ పైన పనివాడి తలకింత అని లెవీ. అమ్మేవాళ్ళు పెరిగారు, కొనేవాళ్ళు తగ్గారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. జనం మొహాల్లో దిగులు ఎందుకో నాకు తెలియదు గానీ, ఆ దిగులుకు ధర ఎంత దిగుతుందో మాత్రం బాగా తెలుసు. మా వ్యాపారంలో ఒక కిటుకు ఉండేది. అమ్మేవాళ్ళ ఇంట్లోకి వెళ్ళగానే ధర ఊసెత్తకూడదు. టికెట్ ఎప్పటికి తీశారని అడగాలి. ఆ రోజు దగ్గరపడే కొద్దీ ధర తనంతట తానే కిందికి వస్తుంది, మంచాన్ని విమానం ఎక్కించలేరు కదా. ఆ ప్రశ్నను జాలిగా మొహం పెట్టి అడగడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త గర్వం కూడా.

మా పక్కింటి అక్క గుంటూరు వైపు మనిషి. చర్చిలో పాడుతూ పెరిగి, మద్రాసులో పియానో నేర్చుకుని, రియాద్‌లో ఒక పెద్ద స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పేది. వాళ్ళాయన కంపెనీ ఎరుపులో పడితే, ఆయన అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారం వర్క్‌షాపుకు మారాడు. ఆ ఉద్యోగంలో భార్యను దగ్గర ఉంచుకునే వీలు లేదు. స్కూలు పరీక్షలు అయ్యేదాకా రెండు వారాలు ఆగి, అక్క ఇండియాకు వెళ్ళిపోవాలని తేల్చుకున్నారు. ఆయన శుక్రవారం వచ్చి పోయేవాడు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో అక్క ఒక్కతే, చుట్టూ కట్టిన అట్టపెట్టెలు.

మా నాయన వెళ్ళి ఫ్రిజ్, సోఫా, వాషింగ్ మెషీన్ మాట్లాడి వచ్చాడు. రాగానే నన్ను పిలిచాడు. “ఆ యమ్మ కాడ కరెంటు పియానో ఒకటి ఉండాదిమే. ఆ బేరం నీకిడిచిపెట్టినా. టికెట్ లోపల తెగ్గొట్టుకొని రా, చూస్తా,” అన్నాడు. నేను తెగ్గొట్టగలిగితే ఇకమీద సెలవుల్లో సామాను చూడడానికి ఇళ్ళకు నన్నూ వెంట తీసుకెళ్తానన్నాడు. నాకు దిగ్విజయ యాత్రకు సెలవు దొరికినట్టయింది.

మరునాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వెళ్ళాను. జాలి మొహం పెట్టి టికెట్ సంగతి అడిగాను. “ఇంకా పద్నాలుగు రోజులుంది సేఠ్‌గారూ, కూర్చోండి,” అంది అక్క. పియానో మెట్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాను. కొసన ఒకటి నొక్కితే పైకి లేవడం లేదు. నాలుక చప్పరించాను. అక్క ఒక ధర చెప్పింది, నేను అందులో సగం చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకుంటే పడీపడీ నవ్వింది. మనం ఇప్పుడు ఆడుతున్న బేరానికి ఒక పాట ఉంది, వింటావా అని అడిగింది. సరుకు పనితీరు చూడడం కొనేవాళ్ళ హక్కు కాబట్టి వింటానన్నాను.

ఆ పాట జర్మన్ భాషలో ఉంది. అక్క పాడుతుంటే ఎవరినో మెల్లగా గద్దిస్తున్నట్టు, అంతలోనే బుజ్జగిస్తున్నట్టు అనిపించింది. ఆ తర్వాత కథ చెప్పింది. పాతకాలపు జర్మన్ నవల ఒకటి ఉందట. దేశాలు తిరిగే షావుకారు కొడుకు అందులో హీరో. కొండదారిలో వీపు మీద ఉప్పు బస్తా మోసుకుపోయే ఒకామె అతనికి ఎదురవుతుంది. అతను ఉప్పు బేరమాడతాడు, తెగదు, ఇంత ఆశపోతును చూడలేదని విసుక్కుని గుర్రమెక్కి పోతాడు. నవల అతని వెంట పోతుంది. ఆమె మళ్ళీ ఎక్కడా కనపడదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ నవల చదివిన ఒక సంగీతకర్త, హీరోను వదిలేసి, ఆ నాలుగు పేజీల మనిషి కోసం ఆరు పాటలు కట్టాడట. ఆయన పేరు అక్క చెప్పేది గానీ నా నాలుకకు తిరగలేదు. నేను మాత్రం బేరం తెగకుండా పోనిచ్చిన ఆ ఉప్పామెకు వ్యాపారం రాదని తేల్చేశాను.

ఆ ఆరింటిలో రెండోది బేరం పాట. దాని తమాషా ఏమిటంటే, పాడే గొంతు ఒక్క ఉప్పామెదే. కొనేవాడికి గొంతు లేదు, పియానోయే కొనేవాడు. ఆమె ధర పాడుతుంది, పియానో కింది స్వరాల్లో గునుస్తుంది. ఆమె కొంచెం దిగుతుంది, పియానో ఇంకా కిందికి లాగుతుంది. ఆ కొనేవాడి స్వరాలను అక్క నాకు తేలిక చేసి, రెండు చేతుల్లోకి సర్ది ఇచ్చింది. నాకు అంతకు ముందు పియానోకూ హార్మోనియానికీ తేడా తెలియదు. కానీ బేరంలో కొనేవాడి వైపు కూర్చోమంటే ఏ భాషలోనైనా కూర్చుంటాను.

అలా రోజూ వెళ్ళాను. ముందు మా బేరం, తర్వాత పాటలో బేరం. నా దగ్గరున్న విద్యలన్నీ వాడాను. నిట్టూర్చాను. పియానో రంగు వెలిసిందన్నాను. హరాజ్ పాత సామాన్ల సంతలో ఇలాంటివి కుప్పలుగా పడి ఉన్నాయని అబద్ధమాడాను. ఇక లాభం లేదని గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకున్నాను, వెనక్కి పిలుస్తుందని. అక్క పిలవలేదు. చెప్పుల బద్దీ సరిచేసుకుంటున్నట్టు చాలాసేపు వంగి ఉండి, చివరికి మంచినీళ్ళు అడిగే వంకతో నేనే లోపలికి వచ్చాను. నీళ్ళు ఇస్తూ ధర కొంచెం దించింది. ఏ రోజూ బేరం తెగేంత దించలేదు, మరుసటి రోజు నేను మానేసేంత బిగించలేదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే లేచి, రేపు చివరి మాట చెప్తానని బెదిరించి ఇంటికి వచ్చేదాన్ని. “ఏమ్మే, యాడికొచ్చింది?” అని నాయన అడిగితే, దిగుతాందని గంభీరంగా చెప్పేదాన్ని.

నిజానికి నేను టికెట్ రోజు కోసమే కాచుకున్నాను. ఆ సాయంత్రం ఎంత అంటే అంతకు ఇచ్చి పోక తప్పదు. కానీ వారం గడిచేసరికి నాకో కొత్త చిక్కు వచ్చింది. స్కూల్లో లెక్కలు చేస్తుంటే డెస్కు మీద నా వేళ్ళు కొనేవాడి స్వరాలు కొట్టేవి. జర్మన్ అంకెలు మూడు దాకా వచ్చేశాయి. అక్క మూడుకు ‘డ్రై’ అని పాడగానే నేను రెండుకు, ‘ట్స్వై’కి లాగాలి. మూడో పాటలో ఉప్పామె ఒంటరిగా మంట ఎగదోసుకుంటుంది, దాన్ని అక్క నా కోసం కాక తన కోసం పాడుకునేది. నేను కదలకుండా వినేదాన్ని. ఇంటికి వస్తే ఒకటే ఆలోచన. నేను గెలిస్తే పియానో సులై గోదాముకు పోతుంది. దాని మీద పరుపులు పడేస్తారు. ఎవరో వచ్చి, జాలి మొహం పెట్టి, కొసన ఉన్న మెట్టు నొక్కి నాలుక చప్పరిస్తారు.

టికెట్ రోజు వచ్చింది. ఫ్రిజ్, సోఫా పొద్దునే మా బండిలో ఎక్కేశాయి. అసర్ తర్వాత వెళ్తే ఆ హాల్లో రెండు సూట్‌కేసులు, పియానో, అక్క మిగిలారు. వాళ్ళాయన కింద టాక్సీ మాట్లాడుతున్నాడు. చెప్పాల్సిన ధర మెట్లెక్కుతూ పదిసార్లు వల్లె వేసుకున్నాను, దాదాపు ఊరికే ఇమ్మని అడిగేంత తక్కువ. అక్క ఎదురుగా నిలబడేసరికి నా నోట్లోంచి మొదటి రోజు ఆమె చెప్పిన ధర, పైసా తగ్గకుండా బయటికి వచ్చింది. ఇది గోదాముకు పోకుండా మా నాయనను నేను ఒప్పించుకుంటానని కూడా అన్నాను. మా వంశంలో అమ్మేవాళ్ళ ధరకు ఒప్పుకున్న మొదటి మనిషిని నేనే అనుకున్నాను. అదీ తప్పేనని మరు నిమిషంలో తేలింది.

అక్క నా పక్కన నేల మీద కూర్చుంది. “ఇది అమ్ముడుపోయి పదిహేను రోజులైందమ్మా,” అంది. “ఫ్రిజ్ మాట్లాడడానికి వచ్చిన రోజే మీ నాన్నగారు నేనడిగినంతా ఇచ్చేశారు. నీ కోసమే.”

అన్ని నిట్టూర్పులు, అన్ని అబద్ధాలు, చెప్పుల దగ్గర పడ్డ అవమానం. “అయితే ఇన్ని దినాలు నా చేత ఊరికే బేరమాడించినావా అక్కా?” అని దాదాపు ఏడ్చాను.

“నాకు ఊరికే కాలేదు,” అంది ఆమె. కట్టిన సూట్‌కేసుల వైపు చూస్తూ చెప్పింది. “ఆ నవల్లో అబ్బాయి ఆమెను ఆశపోతు అనుకుని వెళ్ళిపోయాడు కదా. పాట కట్టినాయనకు అలా వినపడలేదు. ఆ కొండ మీదికి ఎన్నాళ్ళకో ఒక మనిషి వస్తాడు. ధర ఒప్పేసుకుంటే ఉప్పు కట్టించుకుని పోతాడు. అందుకని ఇంకో మాట, ఇంకో మాట అంటూ ఉంటుంది.”

చెంపలు తుడుచుకుని పియానో ముందు కూర్చున్నాను. కింద టాక్సీ హారన్ రెండుసార్లు మోగింది. అక్క లేవలేదు. రెండో పాట మొదలుపెట్టింది. నేను కొనేవాడి స్వరాలను వాయించగలిగినంత నెమ్మదిగా వాయించాను.

ఇంటికి వచ్చి నాయనను నిలదీస్తే, చేతిలో రసీదు పుస్తకం ఉన్నా లేనట్టు ఎక్కడో వెతుక్కున్నాడు. “ఆ యమ్మ అడిగిందిమే. పిల్ల రోజూ వచ్చి రవ్వంతసేపు రగడ చేసిపోతే బాగుంటాదనింది. నేను బేరం సేయలేక ఇచ్చినా అనుకోబాక,” అన్నాడు. పియానో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పై ఏడాది మా వంతు వచ్చింది, మా కఫీలు దుకాణం మూసేశాడు. మా సామాను చూడడానికి వచ్చినతను కూర్చోకముందే టికెట్ ఎప్పటికని అడిగాడు. అంత జాలి మొహం నేను కూడా ఎప్పుడూ పెట్టలేకపోయాను.

ఇప్పుడు కడపలో నాకో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఆ అక్క కబురు తెలిసి చాలా కాలమైంది. ఆ ఆరు పాటల్లో నాకు వచ్చింది ఒకటి, అది కూడా కొనేవాడి సగం. చేతులు ఖాళీగా ఉంటే గల్లాపెట్టె మీద వేళ్ళు ఇప్పటికీ వాటంతటవే ఆ స్వరాలు కొడతాయి. బేరంలో నేను పెద్దగా మారలేదు, చుట్టాలకు కూడా తగ్గించనని పేరు పడ్డాను. ఒక్క మనిషి దగ్గర తప్ప. మా వీధిలో ఒక పెద్దాయన మూడు నెలలుగా ఒకే కుక్కర్‌ను బేరమాడుతున్నాడు. భార్య పోయిన దగ్గరనుంచి ఆయనకు క్యారియర్ హోటల్ నుంచే వస్తుందని, ఇంట్లో పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వస్తాడు, మూత తీసి చూస్తాడు, రబ్బరు పలచగా ఉందంటాడు. నేను కుర్చీ వేసి టీ తెప్పిస్తాను. ఆయన ఒక మాట అంటాడు, నేనొక మాట అంటాను. ఏ మాట దగ్గర ఆయన ఆ కుక్కర్ తీసుకుని వెళ్ళిపోతాడో నాకు తెలుసు. ఆ మాట నేను ఇంకా అనలేదు.